ఫోను ఎత్తని ఫ్లయింగ్ స్కూలు

పత్రికలో చేరదామనుకునే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, మీరు రాసినవాటిలో అన్నిటికన్నా పెద్ద వార్త ఏదండీ అని అడుగుతారు. నా దగ్గర సరైన జవాబు లేదు. ఖరగ్‌పూర్‌లో కూర్చుని కలకత్తా ఇంగ్లీషు దినపత్రికకు వార్తలు పంపేవాడికి దొరికేవి మూడే రకాలు: పట్టాలు తప్పిన గూడ్సు బండి, వర్క్‌షాపు గేటు దగ్గర ధర్నా, హిజ్లీ ఇంజనీరింగు కాలేజీ కాంపస్‌లో స్నాతకోత్సవం. ఇరవై ఏళ్ళ పాటు వీటినే తిప్పి తిప్పి రాశాను. గూడ్సు బండి పట్టాలు తప్పని వారం స్నాతకోత్సవం గురించి కాస్త పొడుగ్గా రాసేవాణ్ణి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరినవాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్‌లోనే. ఎవరు ఎప్పుడు నాకు ఏ హోదా ఇచ్చారో ఇక్కడ రాయను. ఆ కాగితాలు మా ఆవిడ దగ్గర ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ఉద్యోగంలో నిజంగా చేసిన పనేమిటో, అది నాకు ఎవరు నేర్పారో చెబుతాను.

వాన పడితే ఏం ఆగింది?

నేను చేరిన కొత్తలో, అంటే ఎనభైల మొదట్లో, కలకత్తాలో జిల్లా వార్తలు చూసే ఆయన్ని బరుణ్ దా అనేవాళ్ళం, దా అంటే బెంగాలీలో అన్న. నోరు మంచిది కాదు. మెచ్చుకోవడం ఎప్పుడూ వినలేదు. మనం పంపిన వార్త బాగుంటే ఫోను చేయడు, బాగోకపోతే చేస్తాడు. అందుకని ఫోను మోగని రోజే మాకు పండగ.

ఒక శ్రావణంలో ఊరంతా నీళ్ళయితే, ‘ఖరగ్‌పూర్‌లో భారీ వర్షం, ప్రజలకు ఇబ్బందులు’ అని రాసి పంపాను. సాయంత్రానికి ఫోను మోగింది.

“ఏం ఆగింది?” అన్నాడు బరుణ్ దా.

వాన ఆగిందన్నాను.

“వాన సంగతి వాన చూసుకుంటుంది. వానవల్ల ఏం ఆగిందో చెప్పు.”

కనుక్కుందామని లేచేసరికి వాన మళ్ళీ అందుకుంది. గొడుగేసుకుని బయల్దేరాను. రైలు పట్టాల కింద నుంచి వెళ్ళే దారిలో నడుం లోతు నీళ్ళు. వర్క్‌షాపు కార్మికులు సైకిళ్ళు భుజాన వేసుకుని, భోజనం డబ్బాలు నెత్తిన పెట్టుకుని దాటుతున్నారు. అవతల గట్టున ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళు డప్పు తడవకూడదని వాన కింద తాము నిలబడి, డప్పును మాత్రం తాటాకు గొడుగు కింద పెట్టారు. పెళ్ళికొడుకు ఇవతల, పెళ్ళికూతురు అవతల. ముహూర్తం ఆగింది. అదే రాశాను. రెండు కాలమ్‌ల వార్తగా వేశారు. ఫోను మోగలేదు.

మర్నాటి నుంచి వాతావరణం నా నెత్తిన పడింది. పేపర్లో అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో వచ్చే వార్త అది. అప్పట్లో అవమానంగా అనిపించేది. ఇప్పుడు కొత్తగా చేరిన ఎవరినైనా నాకు అప్పగిస్తే, మొదటి ఏడాది వాళ్ళ చేత అదే రాయిస్తాను. ఎంత ఎండ కాసింది, ఎంత వాన పడింది అన్నది వాతావరణ శాఖ చెబుతుంది. దానివల్ల ఎవరి పని ఆగిందన్నది విలేకరి వెళ్ళి చూడాలి.

నీలం రంగు పుస్తకాలు

తొంభైల మొదట్లో ప్రైవేటు విమానాల కంపెనీలు వచ్చాయి. అప్పటికి మా పత్రికలో వారానికోసారి విద్య, ఉపాధి పేజీ మొదలైంది. పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసే పని, ఊళ్ళో తీరిగ్గా ఉండేవాడు నేనే అనుకున్నారేమో, నాకు ఇచ్చారు. అంతకు ముందు బ్యాంకు పరీక్షలు, నర్సింగు కోర్సులు అడిగేవాళ్ళు. ఒక్కసారిగా మేదినీపూర్ నుంచీ, బాలాసోర్ నుంచీ, జంషెడ్‌పూర్ నుంచీ ఒకటే ప్రశ్న మొదలైంది: పైలట్ కావాలంటే ఏ దేశంలో నేర్చుకోవాలి?

నాకు విమానం గురించి తెలిసింది ఒకటే. ఊరి పక్కన సాలువా వైపు ఆకాశంలో యుద్ధ విమానాలు తిరిగితే మా ఇంటి కిటికీ అద్దాలు గలగలమంటాయి. అంతకు మించి తెలియదు. కలకత్తా వెళ్ళి, ఫ్లయింగ్ క్లబ్బులో నేర్పి మానేసిన ఒక పెద్దమనిషిని పట్టుకున్నాను. రెండు మూడు ఆదివారాలు ఆయన వరండాలో కూర్చుని అడిగిందే అడిగాను. అక్కడ నేర్చుకున్నది ఇన్నేళ్ళ తరవాత కూడా చెల్లుతుందని నా నమ్మకం.

విదేశీ స్కూళ్ళవాళ్ళు దళసరి కాగితం మీద రంగుల పుస్తకాలు అచ్చువేసి పంపుతారు. ప్రతి పుస్తకం అట్ట మీదా నీలాకాశం, తెల్ల విమానం, పళ్ళు కనిపించేలా నవ్వే కుర్రవాడు. మబ్బు ఉన్న ఫోటో నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఫోటో తియ్యడానికి ఒక్క మంచి రోజు చాలు. పైలట్ కావడానికి చాలా మంచి రోజులు కావాలి.

పైలట్ లైసెన్సుకి లెక్క గంటల్లో ఉంటుంది. ఇన్ని గంటలు ఎగరాలి, అందులో ఇన్ని ఒంటరిగా ఎగరాలి. కానీ మనం అక్కడ ఉండేది నెలల లెక్కన. వీసా నెలల్లో ఇస్తారు, గది అద్దె నెలల్లో కడతాం, అన్నం రోజూ తింటాం. ఆకాశం బాగోలేని రోజు గంటలు కదలవు, నెల మాత్రం కదులుతుంది. ‘గంటకి ఎంత’ అని అడిగేవాళ్ళు చాలామంది. ‘నెలకి ఎన్ని గంటలు ఎగరనిస్తారు’ అని అడిగేవాళ్ళు నాకు పదిమందిలో ఒకరు కూడా తగల్లేదు.

ఇంకోటి ఉంది. శిక్షకుడు పక్కన ఉంటే ఎగరగలిగిన గాలిలో విద్యార్థిని ఒంటరిగా పంపరు. రన్‌వేకి అడ్డంగా గాలి కొడితే కొత్తవాడు నేల మీదే. పొద్దున్నే పొగమంచు ఉంటే నేల మీదే. మధ్యాహ్నం పూట ఉరుములు వచ్చే ఊరైతే పొద్దున్న ఎగిరినవాడే ఎగిరినట్టు. బాగా ఎండలు కాసే ఊళ్ళో గాలి పలచబడి చిన్న విమానం సరిగ్గా పైకి లేవదు, అక్కడా మధ్యాహ్నాలు పోతాయి. వారం రోజులు కూర్చోబెడితే చెయ్యి మొద్దుబారుతుంది, పోయిన పాఠమే మళ్ళీ డబ్బు కట్టి చదువుకోవాలి.

అందుకని నా పేజీలో ప్రతి ఒక్కరికీ ముందు డాక్టరు పరీక్ష చేయించుకోమని రాసేవాణ్ణి, కళ్ళు పనికిరావని తేలితే మిగతా ప్రశ్నలు అక్కర్లేదు కాబట్టి. తరవాత బరుణ్ దా ప్రశ్నే రాసేవాణ్ణి: ఆ ఊళ్ళో ఏ నెలలో ఏది ఆగుతుందో కనుక్కోండి.

కంట్రోలు అన్నయ్య

మా వీధిలో దేవసహాయం గారు ఉండేవారు. వాళ్ళ తాతగారి కాలంలోనే కోస్తా నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడిన కుటుంబం. నాకన్నా పెద్దవాడు, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయన సెక్షన్ కంట్రోలరు. ఒక గదిలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, పొడుగాటి లైను మీదున్న స్టేషన్లన్నిటితో ఒకే తీగ మీద మాట్లాడుతూ, ఏ బండిని ఎక్కడ ఆపాలో ఏది ముందు వదలాలో చెప్పే ఉద్యోగం. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లోకంలో మనుషులు రెండే రకాలు. పిలవగానే ఫోను ఎత్తేవాళ్ళు, ఎత్తనివాళ్ళు. బజార్లో ఎవరైనా స్టేషన్ మాస్టరు ఎదురైతే, “నువ్వు ఫోను రెండో గంటకే ఎత్తుతావు, మంచోడివి” అని పరిచయం చేసేవాడు.

ఆయన కూతురు రూతు. ఫిజిక్సులో డిగ్రీ చేసి, మా కాలనీ బడిలో లెక్కలు చెప్పేది. ఒకరోజు వచ్చి నా పేజీ కత్తిరింపులు బల్ల మీద పరిచింది.

“సిన్నాన్నా, నువ్వు రాసినవన్నీ సదివినాను. డాక్టరు పరీక్ష కలకత్తాలో అయిపోయింది. పాసైనాను. ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు.”

అంతవరకూ నేను జవాబులు రాసింది మొహం తెలియనివాళ్ళకి. మొహం తెలిసిన మనిషి వచ్చి కూర్చుంటే పెన్ను అంత తేలిగ్గా సాగదని అప్పుడు తెలిసింది.

వాళ్ళ పరిస్థితి దాచకుండా చెప్పారు. దేవసహాయం అన్నకి రిటైర్మెంటు దగ్గరపడింది. దాచినదంతా తీస్తే ఒక్కసారికి సరిపోతుంది. వీసా ఒక్క ఏడాదికి. ఆ ఏడాదిలో లైసెన్సు చేతికి వస్తే వచ్చినట్టు, లేకపోతే రూతు మళ్ళీ బడిలో లెక్కలు చెప్పుకోవాలి. రెండో ప్రయత్నం లేదు. వాళ్ళమ్మ సువార్తమ్మ ఒక్క మాటే అంది: “ఏడాదంతా సర్చిలో ప్రార్థన సెయ్యమంటే సేస్తాను గానీ, స్కూలు మట్టుకు మీరు సరిగా సూడండి.”

వచ్చిన పుస్తకాల్లో వడబోస్తే రెండు మిగిలాయి. ఒకటి ఇంగ్లండు పడమటి తీరంలో, సముద్రం పక్కన. రెండోది ఆస్ట్రేలియా లోపలి భాగంలో, చుట్టూ గోధుమ పొలాలున్న చిన్న ఊళ్ళో. ఖర్చు ఇంచుమించు ఒకటే. పుస్తకాల అట్టల మీద ఆకాశం కూడా ఒకే నీలం.

“ఫోన్ సేద్దాం,” అన్నాడు దేవసహాయం అన్న. “మనిషి గొంతు ఇంటే తెలిసిపోతాది.”

తపన్ దా బూత్‌లో

గోల్‌బజార్‌లో తపన్ దా ఐఎస్‌డీ బూత్, అంటే విదేశాలకి ఫోను చేసుకునే కొట్టు, నడిపేవాడు. అద్దాల గది, లోపల ఫోను, బయట ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు. తపన్ దా కస్టమర్ల మొహం చూడడు, మీటరు మొహమే చూస్తాడు.

అది జనవరి. దేవసహాయం అన్నకి రాత్రి డ్యూటీ అయిపోయేసరికి ఆస్ట్రేలియాలో పొద్దెక్కుతూ ఉంటుంది. మధ్యాహ్నం టీ వేళకి ఇంగ్లండులో పొద్దున్న అవుతుంది. అందుకని పొద్దున్న ఆస్ట్రేలియాకి, మధ్యాహ్నం ఇంగ్లండుకి చేసేవాళ్ళం. ఇలా కొన్ని రోజులు సాగింది.

ఆస్ట్రేలియా ఫోను మోగుతూనే ఉండేది. చాలాసార్లు ఎవరూ ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఒకావిడ, వెనకాల ఇంజను మోతలో అరుస్తూ, అందరూ పైన ఉన్నారు, ఎండ ముదిరాక దిగుతారు, అప్పుడు చెయ్యండి అని పెట్టేసేది. మనం ఎవరో, ఎక్కణ్ణుంచో కూడా అడగదు.

ఇంగ్లండు స్కూలు రెండో గంటకే ఎత్తేది. ఎత్తేది గుమాస్తా కూడా కాదు, ప్రధాన శిక్షకుడే. మెత్తటి గొంతు. ఖరగ్‌పూర్ రైల్వే ఊరని తెలియగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆయనకి ఆవిరి ఇంజన్లంటే పిచ్చి. మీ వైపు ఇంకా నడుస్తున్నాయా, ఏ రకం, బొగ్గు ఎక్కడిది అని ఒకటే ప్రశ్నలు. దేవసహాయం అన్న గాజు గదిలో నిలబడి, హెడ్‌ఫోను లేకపోయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంజన్ల చరిత్ర మొత్తం చెప్పేవాడు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇదే వరస. మీటరు చూసి తపన్ దాకి ఇంగ్లండు మీద గౌరవం పెరిగింది.

బయటికి వచ్చి అన్న తీర్పు చెప్పేశాడు. “మనిషంటే అతను. పిలిస్తే పలికినాడు. ఆ ఆస్ట్రేలియా వోళ్ళకి ఫోనెత్తడానికే తీరిక లేదు, పిల్లకేటి నేర్పుతారు?”

కంట్రోలు ఆఫీసులో పాతికేళ్ళు కూర్చున్నవాడు ఇంకోలా అనలేడు. ఆయన ఇన్నేళ్ళూ స్టేషన్లని తూచింది ఆ తక్కెడతోనే. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఇంగ్లండు ఆయన నచ్చాడు. ఇంజన్ల కబుర్లు బాగున్నాయి. డబ్బు ఇంగ్లండుకి పంపేద్దామని దాదాపు అనేసుకున్నాం. చివరిగా ఒకసారి చేసి మాట ఖాయం చేద్దామని వెళ్ళాం.

ఆ రోజు రూతు కూడా వచ్చింది. “ఈసారి నేను మాటాడతాను నాన్నా,” అని రిసీవరు తీసుకుంది. తలుపు సగం తెరిచే ఉంచింది. ఎప్పట్లాగే రెండో గంటకి అవతల ఎత్తారు. రూతు పేరు చెప్పుకుంది, నమస్కారం చెప్పింది, తరవాత చాలా మర్యాదగా ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసింది. మేము ఎప్పుడు ఫోను చేసినా మీరు దొరుకుతున్నారు కదా సార్, మీరు ఎగిరేది ఎప్పుడండీ అని.

అవతల కప్పు కింద పెట్టిన చప్పుడు. తరవాత నవ్వు, గాజు తలుపు బయటికి కూడా వినిపించేంత. ఆ తరవాత చాలాసేపు ఆయనే మాట్లాడాడు, రూతు ఊఁ కొడుతూ వింది. ఈసారి ఇంజన్ల ప్రసక్తి రాలేదు.

ఆమె బయటికి వచ్చేసరికి వాళ్ళ నాన్న మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఏటన్నాడు?”

“క్రిస్మస్ ముందు నుంచి విమానాలు షెడ్డులోనే ఉన్నాయట. వాన, సముద్రం మీద నుంచి మబ్బు, లేకపోతే అడ్డగాలి. చలికాలమంతా ఇంతేనట. వేసవిలో బాగానే ఎగురుతారట గానీ, ఒక్క ఏడాది వీసాతో వచ్చేదానివి, సగం ఏడాది నాతోపాటు టీ తాగుతావు, అన్నాడు.”

“అంత మంచోడు...” అన్నాడు అన్న.

“మంచోడే నాన్నా. మంచోడు కాబట్టే నిజం సెప్పినాడు. మీ కంట్రోల్లో ఫోను ఎంటనే ఎత్తితే బండి నడుస్తన్నట్టు. ఈ పనిలో ఎంటనే ఎత్తితే బండి నిలబడిపోయినట్టు.”

దేవసహాయం అన్న తపన్ దా స్టూలు మీద కూర్చుండిపోయాడు. తపన్ దా మాత్రం బిల్లు చింపి ఇస్తూ, ఇంగ్లండుకి ఇంక ఫోన్లు ఉండవా దాదా అని బెంగాలీలో దిగులుగా అడిగాడు.

పిల్లలకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనతో బాగా మాట్లాడేవాడు మనకి నచ్చుతాడు. నచ్చినవాణ్ణి ఇబ్బంది ప్రశ్న అడగబుద్ధి కాదు. విలేకరి పనిలో సగం తప్పులు అక్కణ్ణుంచే వస్తాయి. పోట్లాడేవాడి మాట మనం పదిసార్లు సరిచూస్తాం, టీ ఇప్పించినవాడి మాట సరిచూడం.

ఎండ దేశం

అంత తెలిశాక కూడా ఇంట్లో వాదన ఆగలేదు. పొగమంచులో నడపడం రానివాడు డ్రైవరే కాదని అన్న పట్టు. రైల్వేలో అది నిజమే. “ముందు బండెక్కనీ నాన్నా, పొగమంచు తరవాత నేర్చుకుంటాను,” అనేది రూతు. నన్ను అడిగితే నేనూ ఆమె వైపే. మొదటి లైసెన్సు ఆకాశం ఎగరనిచ్చే చోట తెచ్చుకోవాలి. మబ్బు, వాన మన దేశంలో కావలసినంత ఉంది, ఎవరూ దానికి ఫీజు అడగరు. తిరిగొచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సు మార్పించుకునేటప్పుడు అది ఎలాగూ నేర్చుకోవాలి.

ఆ ఇంగ్లండు ఆయన ఫోనులో ఇంకో మాట కూడా అన్నాడట. ఎండ దేశంలో నేర్చుకున్నవాళ్ళకి ఒకటే లోపం ఉంటుంది, ముందుకు వెళ్ళడం బాగా వస్తుంది, వెనక్కి తిరగడం రాదు అని. సువార్తమ్మకి ఆ మాట ఎంతో నచ్చింది. పాస్టరు గారి ప్రసంగంలా ఉందంది.

అక్కడి మండు వేసవి తప్పించుకోవాలని లెక్కవేసి, రూతు ఏప్రిల్లో ఆస్ట్రేలియా వెళ్ళింది. ఆదివారం చర్చి అయ్యాక తపన్ దా బూత్‌కి ఫోను చేసేది. మొదటి నెలల్లో కబుర్లన్నీ సంతోషమే. రోజూ ఎగురుతున్నారు. ఒంటరిగా ఎగిరిన రోజు ఆనవాయితీ ప్రకారం నెత్తిన బకెట్టు నీళ్ళు పోశారట. మంచి బట్టలు పాడైపోయాయని వాళ్ళమ్మ బాధపడింది.

తరవాత ఎండ దేశం కూడా తన గుణం చూపించింది. పొలాల మీద దుమ్ము గాలులు మొదలై రోజులకి రోజులు ఎగరలేదు. తరవాత ఎండలు. తెల్లారగట్ల కాస్త ఎగిరి, టిఫిన్ వేళకి దిగిపోవడమే. కొత్త సంవత్సరానికి అయిపోతుందనుకున్నది మార్చి దాకా సాగింది. ఆకాశానికి పూచీ ఇవ్వగల స్కూలు ఏదీ లేదని అప్పటి నుంచి నా పేజీలో విడిగా రాయడం మొదలుపెట్టాను.

వీసాకి ఇక మిగిలింది రోజుల్లోకి వచ్చింది. మిగిలిన పాఠం ఒకటి: ఒంటరిగా దూరం వెళ్ళి, దారిలో రెండు ఊళ్ళలో దిగి, తిరిగి రావాలి. అది పూర్తయితేనే ఆఖరి పరీక్షకి కూర్చోనిస్తారు. ఆ ఆదివారం మేమందరం బూత్ దగ్గరే ఉన్నాం. ఫోను మోగితే అన్న ఎత్తాడు. రిసీవరులో రూతు గొంతు మాకూ వినిపిస్తోంది.

“నాన్నా, పూర్తి సెయ్యలేదు. సగం దారి నుంచి తిరిగొచ్చేసినాను.”

అన్న రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాడు. సువార్తమ్మ ఆయన చొక్కా పట్టుకుని, ఏటంటాది అని అడుగుతోంది.

“ముందు ఏటి కనపడింది?” అన్నాడు అన్న.

“మబ్బు. దాని కింద వాన తెరలాగ దిగతంది. తెర పక్కన సందుంది. అందులోంచి దూరిపోవచ్చనిపించింది.”

“మరి?”

“దూరిపోవచ్చనిపించింది కదా అని భయమేసింది. తిప్పేసినాను.”

అన్న డ్రైవర్లతో మాట్లాడటం నేను ఎన్నోసార్లు విన్నాను. బండి పోగొట్టిన ప్రతి నిమిషానికీ కారణం అడుగుతాడు, చెప్పిన కారణాన్ని నమ్మడు. కూతురిని మాత్రం ఇంకేమీ అడగలేదు.

“అయితే మంచిదే. మబ్బు పోయినాక మళ్ళీ ఎల్లు,” అన్నాడు. “పోకపోతే ఇంటికొచ్చెయ్. అన్నం వండుతాది మీ అమ్మ.”

ఫోను పెట్టాక ఆయన అలవాటుగా డబ్బుల కోసం జేబు తడుముకున్నాడు. తపన్ దా ఆ రోజు మీటరు వైపు చూడలేదు. బయటి నుంచి వచ్చిన ఫోనుకి మీటరు తిరగదనుకోండి. అయినా చూడలేదు.

తరవాతి ఫోను ఆదివారం కాని రోజున వచ్చింది. మబ్బు విడిచిందట, వెళ్ళి వచ్చిందట, పరీక్ష కూడా అయిపోయిందట. లైసెన్సు వచ్చింది. తపన్ దా పరిగెత్తుకుంటూ న్యూ సెటిల్‌మెంట్ దాకా వచ్చి చెప్పాడు. అంత బరువైన మనిషి పరిగెత్తడం మా వీధి అంతకు ముందు చూడలేదు.

పాంస్‌కురాలో ఆగిన బండి

రూతు కలకత్తాలో దిగిన రోజు దేవసహాయం అన్నకి మధ్యాహ్నం డ్యూటీ. సెలవు పెట్టమంటే, బండిలో రావడానికి దానికి నేనెందుకు అన్నాడు. సువార్తమ్మా నేనూ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. హౌరాలో బండి బయల్దేరిన కాసేపటికి వాయవ్య దిక్కు సిరా పోసినట్టు నల్లబడింది. కాలబైశాఖి. మా వైపు ఏప్రిల్లో వచ్చే ఆ గాలివాన ఎంతసేపు ఉంటుందో తెలియదు గానీ, ఉన్నంతసేపూ చెట్లు లైను మీదికి, కరెంటు తీగల మీదికి వాలుతుంటాయి. ప్లాట్‌ఫారం మీది టీ కొట్టు రేకు ఒకటి మా ముందే ఎగిరిపోయింది.

బండి రాలేదు. స్టేషన్ మాస్టరు నాకు తెలిసినవాడు. ఆయన గదిలోకి వెళ్ళి అడిగితే కంట్రోలు ఫోను నా చేతికిచ్చాడు.

“అన్నయ్యా, రూతు బండి ఎక్కడుంది?”

“తమ్ముడూ, ఇది డ్యూటీ ఫోను. ఇంటి మాటలొద్దు. బండిని దారిలో పాంస్‌కురాలో ఆపినాను.”

“ఎంతసేపు?”

“అది గాలినడుగు,” అని పెట్టేశాడు.

తరవాత తెలిసింది. గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు, వెనకాల మెయిలు బండి నిలబడిపోతోంది, ఆ బండిని ముందుకు వదిలెయ్యమని పైవాళ్ళు రెండుసార్లు చెప్పారట. అన్న వదల్లేదు. లైను మీద చెట్టు లేదని ముందు స్టేషన్ వాళ్ళు మనిషిని పంపి చూసి చెప్పేదాకా కుదరదన్నాడు. పెట్టెలో జనమంతా బెంగాలీలో, హిందీలో, ఒడియాలో కంట్రోలువాణ్ణి తిడుతుంటే, రూతు మరమరాల ముఢీ కొనుక్కుని తింటూ తలూపుతూ కూర్చుందట. ఎదురుగా ఉన్న ముసలావిడ, నువ్వేమీ అనవేం తల్లీ అని అడిగితే, ఈ పూట డ్యూటీ మా నాన్నదే అని చెప్పే ధైర్యం లేకపోయిందట.

బండి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. ముగ్గురం కలిసి కంట్రోలు ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాం. బయటివాళ్ళని లోపలికి రానివ్వరు. కాసేపటికి అన్న డ్యూటీ అప్పగించి, చెవులు రుద్దుకుంటూ దిగి వచ్చాడు. కూతుర్ని చూసి మూడు మెట్లు పైనే ఆగిపోయాడు. 

“బండి లేటైపోనాది,” అన్నాడు. “నేనే ఆపినాను.”

“తెలుసు నాన్నా,” అంది రూతు. “నేనైనా ఆపుదును.”

ఆయన మిగతా మూడు మెట్లూ దిగాడు. ఆమె పెట్టె అందుకుని, సైకిలు వెనక కట్టడానికి తాడు కోసం అటూ ఇటూ చూడసాగాడు.